కడప బండ మీద చిల్లు కాణీ: చిన్న వస్తువుల్ని దగ్గరగా ఫొటో తీయడం ఎలా?

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం నేలకేసి చూస్తూ నడిచే జనం కనిపిస్తారు. మెరిసే రాయి ఏదైనా దొరికితే మొదట చేసే పని ఫొటో తీయడం. తీరా చూస్తే ఫొటోలో అరచేతి గీతలు చక్కగా ఉంటాయి, రాయి మాత్రం తెల్లటి మచ్చలా అలుక్కుపోయి ఉంటుంది. అవ్వ దాచిన పాత నాణెమైనా, ముక్కుపుడకైనా, చెనిక్కాయ (వేరుశనగ) ఆకు మీద తెగులు మచ్చైనా ఇదే తంతు. అలాంటప్పుడు చాలామంది నెపం కెమెరా మీద వేసి, కొత్త లెన్స్ ధరలు వెతకడం మొదలుపెడతారు.

తొందరపడి డబ్బు పెట్టొద్దు. వెలుతురు ఎటు నుంచి పడుతోంది, కెమెరా కదలకుండా ఉందా, ఫోకస్ సరిగ్గా ఎక్కడ కూర్చుంది అనే మూడు సంగతులు చూసుకుంటే కెమెరాతో పాటు వచ్చే మామూలు కిట్ లెన్స్‌తోనే మంచి ఫొటోలు వస్తాయి. ఈ మూడింటిలోనూ పెద్దపీట వెలుతురుదే. నేనుండేది అనంతపురంలో. ఇక్కడ వెలుతురుకు కొదవ లేదు, దాన్ని మెత్తబరచుకోవడం, పక్కకు మళ్లించుకోవడమే మన పని. దానికి కావలసినవన్నీ దాదాపు ఇంట్లోనే ఉంటాయి.

మీ కెమెరా ఎంత దగ్గరికి రాగలదో ముందు కొలవండి

జామెట్రీ బాక్సులోని స్కేలును బల్ల మీద పెట్టండి. 18-55 కిట్ లెన్స్ అయితే జూమ్‌ను 55 దగ్గరికి తిప్పండి. ఫోకస్‌ను మాన్యువల్‌లో పెట్టి, రింగును అతి దగ్గరి దూరానికి తిప్పి వదిలేయండి. ఇక రింగు ముట్టుకోకుండా కెమెరానే మెల్లగా ముందుకూ వెనక్కూ జరుపుతూ, స్కేలు గీతలు స్పష్టంగా కనిపించిన చోట ఆపి ఒక ఫొటో తీయండి. ఫొటోలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో లెక్కపెట్టండి.

మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో (లెన్స్ మార్చుకోగలిగే కెమెరాలలో) ఉండే ఏపీఎస్-సీ సెన్సర్, అంటే బొమ్మ పడే పలక, వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు. స్కేలు మీద 70 మి.మీ. పట్టాయంటే, వస్తువు సెన్సర్ మీద తన అసలు సైజులో మూడో వంతుగా పడుతోందన్నమాట. 23 మి.మీ. మాత్రమే పట్టాయంటే అసలు సైజే పడుతోంది. దాన్నే 1:1 అంటారు. అసలైన మాక్రో అని ఫొటోగ్రాఫర్లు అనేది దాన్నే.

మూడో వంతు అంటే తక్కువేమో అని దిగులు పడక్కర్లేదు. 21 మి.మీ. నాణేన్ని 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో అంత సైజులో తీస్తే, చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించాక కూడా నాణెం అడ్డంగా సుమారు 1,800 పిక్సెళ్లు ఉంటుంది. ఫోన్‌లో చూపడానికి, పోస్ట్‌కార్డు సైజులో ప్రింట్ వేయించడానికి ఇది చాలు. 10 రూపాయల బిళ్ల 27 మి.మీ. ఉంటుంది. దాన్ని ఇంకా పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో 1:1లో తీస్తే పూర్తిగా పట్టదు కూడా, ఎందుకంటే ఆ సెన్సర్ ఎత్తు 24 మి.మీ. మాత్రమే. కాబట్టి నాణేలకు, నగలకు 1:1 అవసరం పెద్దగా రాదు. పురుగు కన్ను, జరీ పోగు, ఇసుక రేణువు లాంటివి తీయాలనుకున్నప్పుడే దాని అవసరం.

కాంపాక్ట్ కెమెరా అయితే మెనూలోనో, వెనక బటన్ మీదో చిన్న ట్యూలిప్ పువ్వు బొమ్మ ఉంటుంది. అదే మాక్రో మోడ్. చాలా కాంపాక్ట్ కెమెరాలు జూమ్ చేయనప్పుడే బాగా దగ్గరికి రానిస్తాయి. జూమ్ చేశాక ఫోకస్ కుదరడం లేదంటే కారణం ఇదే, కెమెరా పాడైందని కంగారు పడకండి.

ఇంకా దగ్గరికి వెళ్లాలంటే దారులున్నాయి. అన్నిటికంటే చవక క్లోజప్ ఫిల్టర్. లెన్స్ ముందు స్క్రూలా తిప్పి బిగించే భూతద్దం అది. +1, +2, +4, +10 అని అంకెలుంటాయి. +4 బిగిస్తే, లెన్స్ అనంత దూరానికి ఫోకస్ పెట్టినా, పావు మీటరు దూరంలోని వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది. చవక రకాల్లో అంచులు కాస్త మసగ్గా వస్తాయి, వస్తువు అంచుల వెంట ఊదా రంగు కనిపిస్తుంది. +10 జోలికి వెళ్లకపోవడం మంచిది. కొనేముందు మీ లెన్స్ ముందుభాగం మీద 52, 55, 58 లాంటి అంకె ఏముందో చూసుకోండి, ఫిల్టర్ కూడా అదే సైజుది కావాలి.

నా సలహా అడిగితే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ కొనమంటాను. ఇది లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టే గుల్ల గొట్టం. లోపల అద్దమే ఉండదు కాబట్టి అద్దం వల్ల వచ్చే తేడాలూ ఉండవు. 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. గొట్టం పెడితే సైజులో సగం అదనంగా కలుస్తుంది. వెలుతురు కొంత తగ్గుతుంది, దూరపు వస్తువులకు ఫోకస్ పోతుంది. కొనేటప్పుడు కరెంటు కాంటాక్టులు ఉన్న రకమే తీసుకోండి, లేకపోతే అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మార్చడం కష్టం.

లెన్స్‌ను తిరగేసి బిగించే రివర్స్ రింగు కూడా ఉంది. ఖర్చు తక్కువ, ఫలితం గొప్పగా ఉంటుంది. కానీ లెన్స్ వెనకభాగం దుమ్ముకు ఎదురుగా ఉండిపోతుంది. మన ఎర్రదుమ్ము సంగతి తెలిసిందే కదా, ఇంట్లో తలుపులు వేసుకుని వాడితే సరే, చేలో మాత్రం వద్దు. అసలైన మాక్రో లెన్స్ ఎప్పుడైనా కొనే ఆలోచన ఉంటే 60 మి.మీ. కంటే 90, 100 మి.మీ. రకం మేలు. వస్తువుకు కాస్త దూరంగా ఉండొచ్చు, లెన్స్ నీడ వస్తువు మీద పడదు, పురుగులు బెదరవు.

బల్ల, బండ, సంచి

వస్తువును పెట్టడానికి మన దగ్గర దొరికే కడప బండ కంటే మంచి నేపథ్యం నాకు తెలియదు. గూళ్లకు, వంటగట్టుకు వేశాక మిగిలిన ముక్క ఎవరింట్లోనైనా ఉంటుంది. పాలిష్ పట్టిన వైపు వద్దు, అది అద్దంలా కిటికీని చూపిస్తుంది. పాలిష్ లేని గరుకు వైపు పైకి పెట్టండి. ఆ నలుపు-బూడిద రంగు మీద రాగి, వెండి, బంగారం, తెల్ల రాయి అన్నీ నిండుగా కనిపిస్తాయి. ముదురు రంగు గింజలకు, నల్లపూసలకు మాత్రం తెల్ల డ్రాయింగ్ షీట్ వాడండి.

ట్రైపాడ్ ఉంటే సరే. లేకపోతే చిన్న గుడ్డ సంచీలో కొర్రలో బియ్యమో ముప్పావు వంతు నింపి కుట్టేయండి. కెమెరాను దాని మీద కూర్చోబెట్టి కొద్దిగా నొక్కితే ఎటు తిప్పితే అటు నిలబడుతుంది. నేల మట్టంలో తీయడానికి ట్రైపాడ్ కంటే ఈ సంచే సుఖం.

వస్తువు నిలబడకపోతే పిల్లల రంగు క్లే చిన్న ఉండ చేసి కింద అంటించండి. ఉండ కెమెరాకు కనబడకూడదు. ఫ్యాన్ తప్పనిసరిగా ఆపండి. మే నెలలో ఇది కష్టమే, అయినా తప్పదు. ఫ్యాన్ గాలికి దారప్పోగు కదిలితే ఫొటోలో అది పొగలా వస్తుంది.

దుమ్ము విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కంటికి శుభ్రంగా కనిపించే వస్తువు మీద కూడా కెమెరాలో చూస్తే నూలు పీచులు, దుమ్ము రేణువులు కుప్పలుగా ఉంటాయి. నోటితో ఊదితే ఉమ్మి చుక్కలు పడతాయి. మెత్తటి పెయింటింగ్ బ్రష్, రబ్బరు బ్లోయర్ వాడండి. ఫొటో తీసే ముందు ఒక్క నిమిషం దీనికి ఇస్తే, తర్వాత కంప్యూటర్ ముందు అరగంట మిగులుతుంది.

వెలుతురును ఇలా పట్టుకోండి

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. రాత్రిపూట గదిలో లైట్లు ఆపేసి, బల్ల మీద ఒక నాణెం పెట్టండి. ఫోన్ టార్చ్‌ను నాణేనికి సరిగ్గా పైన పట్టుకుని చూడండి, తర్వాత మెల్లగా పక్కకు దించుతూ రండి. పైనుంచి పడ్డప్పుడు నాణెం చదునుగా, తళతళలాడుతూ ఉంటుంది, అక్షరాలు సరిగ్గా తెలియవు. టార్చ్ బల్ల మట్టానికి దగ్గరయ్యే కొద్దీ ప్రతి అక్షరం పక్కన నీడ లేస్తుంది, అరిగిపోయిందనుకున్న ఏడాది కూడా చదవడానికి వస్తుంది. ఇంకా కిందికి దించితే నీడలు మరీ పొడవై ఒకదానిమీద ఒకటి పడి గజిబిజి అవుతాయి. ఆ రెండింటి మధ్య ఎక్కడో మీ వస్తువుకు సరిపోయే చోటు ఉంటుంది. దాన్ని కంటితో వెతుక్కోవడం అలవాటైతే మీకు సగం విద్య వచ్చినట్లే. రాతి మీద చెక్కిన పాత శాసనాలను పక్కవెలుతురులో చదివేది కూడా ఇందుకే. గుత్తికి దగ్గర్లోని ఎర్రగుడి అశోక శాసనాల దగ్గరికి వెళ్లేవాళ్లు మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దు వాలేటప్పుడు వెళ్లి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

పగటి వెలుతురులో తీయాలంటే వేళ ముఖ్యం. ఏప్రిల్ చివర, మే మొదట్లో సూర్యుడు మధ్యాహ్నం మన జిల్లాల మీద సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు వస్తువు నీడ దాని కిందే దాక్కుంటుంది, ఆకారమే తెలియదు. మిగతా రోజుల్లో కూడా పది దాటాక ఎండలో తీస్తే తెలుపు మాడిపోతుంది, నీడలు బొగ్గులా వస్తాయి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర తర్వాత వేళలు మంచివి. రోజంతా నిలకడగా వెలుతురు కావాలంటే ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది చూసుకోండి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ భాగం ఆ కిటికీలోంచి నేరుగా ఎండ పడదు, మెత్తటి వెలుతురే వస్తుంది.

కిటికీ పక్కన బల్ల ఇలా అమర్చుకోండి. కిటికీ మీకు ఎడమవైపు ఉండాలి. వస్తువు కిటికీకి రెండు మూడు అడుగుల దూరంలో ఉండాలి. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి ట్రేసింగ్ పేపర్ గానీ, ఉతికి పలచబడిన తెల్ల పంచె గానీ కట్టండి. వస్తువుకు కుడివైపు, ఫ్రేములోకి రాకుండా, ఒక థర్మకోల్ ముక్క నిలబెట్టండి. కిటికీ వెలుతురు దానికి తగిలి వెనక్కు వచ్చి కుడివైపు నీడను కాస్త తేటపరుస్తుంది. థర్మకోల్‌ను దగ్గరికి జరిపితే నీడ పలచబడుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. మరీ చిన్న వస్తువులకు థర్మకోల్ బదులు పౌడర్ డబ్బా అద్దం వాడితే, కావలసిన చోటికే ఒక వెలుతురు ముక్క విసరొచ్చు.

కిటికీ వెలుతురులో తీస్తున్నప్పుడు గదిలోని ట్యూబ్‌లైటు, బల్బు ఆపేయండి. రెండు రకాల వెలుతురు కలిస్తే ఒకవైపు నీలంగా, ఇంకోవైపు పసుపుగా వస్తుంది, దాన్ని తర్వాత సరిచేయడం చాలా కష్టం. రాత్రిపూట ఎల్ఈడీ బల్బుతోనే తీస్తే ఫొటోలో అడ్డంగా చారలు పడొచ్చు. మన కరెంటు సెకనుకు 50 సార్లు మారుతుంది కాబట్టి కొన్ని బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, అది కంటికి తెలియదు. షట్టర్‌ను (అది తెరుచుకుని ఉండే సమయాన్ని) సెకనులో 50వ వంతుకో అంతకంటే నెమ్మదిగానో పెడితే ఆ చారలు పోతాయి.

కెమెరా మీద ఉండే ఫ్లాష్‌ను దగ్గరి ఫొటోలకు వాడకండి. లెన్స్ అడ్డొచ్చి ఫొటో కింది భాగంలో అర్ధచంద్రంలా నీడ పడుతుంది, మిగతాదంతా చప్పగా తెల్లబడుతుంది.

సెట్టింగులు

మోడ్ ఏ లేదా ఏవీలో పెట్టండి, అందులో అపెర్చర్ మీరు ఎంచుకుంటే షట్టర్ కెమెరా చూసుకుంటుంది. ఐఎస్‌వో (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100. అపెర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య. కెమెరా కదలకుండా ఉంది కాబట్టి షట్టర్ అర సెకను అయినా ఫర్వాలేదు. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, వేలు నొక్కిన కుదుపు ఆలోపు సద్దుమణుగుతుంది. డీఎస్ఎల్ఆర్ అయితే లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ తీయండి, లోపలి అద్దం లేచే కుదుపూ తప్పుతుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు చేతి కుదుపును తగ్గించే, లెన్స్ మీది వీఆర్, ఐఎస్ స్విచ్‌లు ఆపేయడం మేలు. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫొటో) తీసే వీలుంటే తీయండి.

వెలుతురు కొలతలో కెమెరా ఒక దగ్గర పొరపడుతుంది. ఎదురుగా ఏమున్నా సగటున బూడిద రంగులో ఉందనుకుని లెక్క వేస్తుంది. నల్ల కడప బండ మీద చిన్న వెండి మెట్టె పెడితే, ఫ్రేమంతా చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, మెట్టె తెల్లగా మాడిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను -1కి తగ్గించండి. తెల్ల కాగితం మీద తీస్తే దీనికి తలకిందులు, +1కి పెంచండి. వైట్ బ్యాలెన్స్‌ను అదే వెలుతురులో ఒక తెల్ల కాగితాన్ని చూపించి కస్టమ్‌లో పెట్టుకుంటే రాగి రాగిలా, బంగారం బంగారంలా వస్తాయి.

ఫోకస్: ఒక్క మిల్లీమీటరు లెక్క

దగ్గరికి వెళ్లే కొద్దీ స్పష్టంగా ఉండే మందం దారుణంగా తగ్గిపోతుంది. ఏపీఎస్-సీ కెమెరాలో 1:1 సైజులో ఎఫ్/8 దగ్గర అది మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు కూడా ఉండీ లేనట్టు ఉంటుంది. సగం సైజులో తీస్తే సుమారు రెండు మిల్లీమీటర్లు. ఆరుద్ర పురుగు వీపు మీద ఫోకస్ పెడితే కాళ్లు మసగ్గా రావడానికి కారణం ఇదే.

మరి అపెర్చర్‌ను ఎఫ్/22కి మూసేస్తే సరిపోదా అని అడుగుతారు. మందం పెరుగుతుంది నిజమే, కానీ మొత్తం ఫొటో మెత్తబడిపోతుంది. సన్నటి రంధ్రంలోంచి వెళ్లేటప్పుడు వెలుతురు పక్కలకు విచ్చుకుంటుంది. దగ్గరి ఫొటోల్లో ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది, ఎందుకంటే 1:1లో ఎఫ్/16 పెడితే అది ఎఫ్/32 లాగా పనిచేస్తుంది. ఎఫ్/11 దాటకుండా ఉండమన్నది అందుకే.

ఆటో ఫోకస్ ఇక్కడ ముందుకూ వెనక్కూ ఊగుతూ విసిగిస్తుంది. మాన్యువల్‌లో పెట్టండి. లైవ్ వ్యూ తెరచి, ముఖ్యమైన చోటును 10 రెట్లు పెద్దది చేసి చూడండి. ఎంత సైజులో కావాలో ముందు రింగుతో నిర్ణయించుకుని, ఆ తర్వాత కెమెరానో వస్తువునో జరిపి ఫోకస్ కుదుర్చుకోండి. వస్తువును ఒక అట్ట పుస్తకం మీద పెట్టి, ఆ పుస్తకాన్ని వెంట్రుకవాసి చొప్పున నెట్టడం అన్నిటికంటే తేలిక. పురుగైతే కంటి మీద, నాణెమైతే అక్షరాల మీద, పువ్వైతే కేసరాల మీద ఫోకస్ ఉండాలి. ఒక్కటే తీసి తృప్తి పడకుండా, పుస్తకాన్ని కాస్త కాస్త జరుపుతూ వరసగా కొన్ని తీసుకుని పెద్ద తెర మీద మంచిది ఎంచుకోండి.

వస్తువు మొత్తం స్పష్టంగా కావాలంటే ఫోకస్ స్టాకింగ్ చేయాలి. రాయి 8 మి.మీ. ఎత్తు ఉందనుకోండి. సగం సైజులో, ఎఫ్/8 దగ్గర, పైఅంచు నుంచి మొదలుపెట్టి మిల్లీమీటరున్నరకు ఒకటి చొప్పున కిందిదాకా ఆరేడు ఫొటోలు తీయండి. మధ్యలో వెలుతురు, సెట్టింగులు మారకూడదు. తర్వాత ఫొటోషాప్‌లోని ఆటో-అలైన్, ఆటో-బ్లెండ్ గానీ, హెలికాన్ ఫోకస్ అనే సాఫ్ట్‌వేర్ గానీ అన్నిటిలోని స్పష్టమైన భాగాలను కలిపి ఒకే ఫొటో చేస్తుంది. ఇలా ఫోకస్ జరుపుతూ వరసగా ఫొటోలు తీసే పనిని కొన్ని కొత్త కెమెరాలు వాటంతటవే చేస్తాయి, మెనూలో ఫోకస్ బ్రాకెటింగ్ అని వెతకండి.

నాణెం తీయడం, మొదటి నుంచి చివరిదాకా

చిల్లు కాణీనే తీసుకుందాం. 1943 నుంచి 1947 దాకా ముద్రించిన కంచు పైసా ఇది. మధ్యలో పెద్ద రంధ్రం, ఒకవైపు కిరీటం, ఏడాది, ఇంకోవైపు ఆకుల తీగ. చాలా ఇళ్లలో పాత డబ్బాల అడుగున దొరుకుతుంది.

దయచేసి చింతపండుతో తోమకండి. ఇత్తడి బిందెకు చింతపండు మంచిదే, పాత నాణేనికి మాత్రం శాపం. ఏళ్ల తరబడి ఏర్పడిన గోధుమ రంగు పొర పోయి, పచ్చి రాగి రంగు తేలుతుంది. సేకరించేవాళ్ల దృష్టిలో దాని విలువ అక్కడితో పోతుంది, ఫొటోలోనూ అందం పోతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. అంచులు పట్టుకుని ఎత్తండి, ముఖం మీద వేలిముద్ర పడనివ్వకండి.

కెమెరాను సరిగ్గా పైనుంచి కిందికి చూసేలా పెట్టాలి. కొంచెం వాలినా నాణెంలో ఒక అంచు స్పష్టంగా, రెండో అంచు మసగ్గా వస్తుంది. ఇది సరిచూసుకోవడానికి చక్కటి ఉపాయం ఉంది. నాణెం పెట్టాల్సిన చోట ఒక చిన్న అద్దం ముక్క పెట్టి లైవ్ వ్యూలో చూడండి. మీ లెన్సే దానిలో కనిపిస్తుంది. ఆ లెన్స్ బొమ్మ ఫ్రేము నడిమధ్యకు వచ్చేదాకా కెమెరాను అటూ ఇటూ వంచండి. నడిమధ్యకు వచ్చిందంటే కెమెరా, బల్ల సమాంతరంగా ఉన్నట్టు. అద్దం తీసేసి, కెమెరాను కదపకుండా నాణెం పెట్టండి.

ఇప్పుడు నాణేన్ని అక్కడే మెల్లగా తిప్పండి. వెలుతురు అదే వైపు నుంచి వస్తున్నా, ఒక్కో తిప్పుకు ఒక్కో అక్షరం లేస్తుంది, ఒక్కోటి మునుగుతుంది. కిరీటం గీతలు, ఏడాది అంకెలు రెండూ బాగా కనిపించే తిప్పు దగ్గర ఆపండి. నాణెం నిటారుగా లేకపోయినా బెంగ లేదు, ఫొటోను కంప్యూటర్లో తిప్పుకోవచ్చు. వెలుతురు మాత్రం ఎడమ పైమూల నుంచి పడినట్టు చివరికి కనిపించాలి. కింది నుంచి పడితే కంటికి ఉబ్బు గుంటలా, గుంట ఉబ్బులా తోస్తుంది.

కొత్త నాణేలకు, తళతళలాడే వెండి బిళ్లలకు పక్కవెలుతురు చాలదు, ముఖం నల్లగా వస్తుంది. వాటికి గాజు పలక పద్ధతి వాడండి. ఫొటో ఫ్రేములోంచి తీసిన పలుచటి గాజును నాణేనికి, లెన్స్‌కు మధ్య 45 డిగ్రీల వాలులో నిలబెట్టండి. పక్కనుంచి టేబుల్ ల్యాంప్ వెలుతురు ఆ గాజుకు తగిలి, నేరుగా కిందికి నాణెం మీద పడి, అక్కడి నుంచి గాజు గుండా లెన్స్‌లోకి వస్తుంది. ల్యాంప్ వెలుతురు నేరుగా నాణెం మీద పడకుండా మధ్యలో ఒక చిన్న నల్ల అట్ట అడ్డం పెట్టండి. నాణెం ముఖమంతా ఒకే తీరుగా వెలుగుతుంది, అక్షరాల అంచులు గీసినట్టు తేలతాయి. గాజు శుభ్రంగా తుడవడం మరిచిపోకండి.

రాళ్లు, నగలు, తోలుబొమ్మలు

రాయిని రెండు ఫొటోలు తీయండి. ఒకటి కడప బండ మీద, రెండు పక్కల నుంచి కిందిగా వెలుతురు పడేట్టు. ఇందులో అంచులు, ముఖాలు, గీతలు తెలుస్తాయి. రెండోది వెనక నుంచి వెలుతురుతో. పాల రంగు ప్లాస్టిక్ డబ్బా మూత మీద రాయి పెట్టి, కింద టార్చ్ వెలిగించండి. లోపలి పగుళ్లు, మచ్చలు, రంగు బయటపడతాయి. పక్కన మిల్లీమీటర్ల స్కేలు కనిపించేలా పెట్టండి, రూపాయి బిళ్లలు ఒక్కో కాలంలో ఒక్కో సైజులో ఉన్నాయి కాబట్టి అవి కొలతకు పనికిరావు. ముడి వజ్రం ముఖాల మీద ఒక్కోసారి సన్నటి త్రిభుజాకారపు గుంటలు ఉంటాయి. అలాంటివి కనిపిస్తే ఆ చోటును ఇంకా దగ్గరగా విడిగా తీయండి. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. చేలల్లో మెరిసేవి చాలావరకు పలుగురాళ్లే, ఫొటో చూసి ఎవరూ వజ్రమని తేల్చలేరు. తేల్చానని ఎవరైనా ధర చెబితే తొందరపడకండి.

బంగారు నగలో మీ చొక్కా రంగు, ముఖం, కెమెరా అన్నీ కనిపిస్తాయి. నగ చుట్టూ బటర్ పేపర్‌ను గుడారంలా చుట్టి, పైన లెన్స్ పట్టేంత రంధ్రం ఒకటి చేసి, పేపరు బయట నుంచి వెలుతురు ఇవ్వండి. ధర్మవరం పట్టు జరీకి కిటికీ పక్కవెలుతురు చాలు, నేత అడ్డుపోగుకు ఏటవాలుగా వెలుతురు పడితే ప్రతి పోగూ లేస్తుంది. నిమ్మలకుంట తోలుబొమ్మను మాత్రం కిటికీ గాజుకు ఆనించి వెనక వెలుతురులోనే తీయాలి. ముందు నుంచి వెలుతురు వేస్తే ఆ తోలులోని రంగులు చచ్చిపోతాయి. ఉలితో పొడిచిన చిన్న చిల్లులు వెలిగేది కూడా వెనక నుంచి తీసినప్పుడే.

ఆకు మచ్చలు, ఆరుద్ర పురుగు

చెనిక్కాయ ఆకు మీద తిక్క తెగులు మచ్చ తీసి వ్యవసాయాధికారికి చూపించాలంటే ఆకు పైవైపు, కిందివైపు రెండూ తీయండి. త్వరగా వచ్చే మచ్చ పైవైపు గోధుమ రంగులో, చుట్టూ పసుపు వలయంతో ఉంటుంది. ఆలస్యంగా వచ్చేది కిందివైపు దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఒక్కవైపు ఫొటోతో చెప్పడం వాళ్లకూ కష్టమే. ఆకును తెంపి నీడలో, తెల్ల కాగితం మీద చదునుగా పెట్టి తీస్తే చాలు.

ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ మూడో వారం దాటాక, వాన పడి మట్టి తడిసిన ఉదయాల్లో ఆరుద్ర పురుగులు చేల గట్ల మీద కనిపిస్తాయి. ఎనిమిది కాళ్ల ఈ ఎర్రటి జీవి ఎండెక్కేసరికి మళ్లీ మట్టిలోకి దూరుతుంది, కాబట్టి పొద్దున్నే వెళ్లండి. దీనికి పైన చెప్పిన పద్ధతులు కొన్ని పనికిరావు, అది నడుస్తూనే ఉంటుంది. గుడ్డ సంచి నేల మీద పెట్టి, కెమెరా దాని మీద ఆనించి, మీరూ పొట్ట మీద పడుకోండి. కళ్లు పురుగు మట్టంలో ఉండాలి. పైనుంచి తీస్తే ఎర్ర చుక్క తప్ప ఏమీ రాదు. షట్టర్ సెకనులో 250వ వంతు, ఐఎస్‌వో 400 నుంచి 800. ఫోకస్‌ను ఒక దూరానికి కట్టేసి, పురుగు ఆ చోటికి నడిచి వచ్చేదాకా ఆగి, వస్తుండగా వరసగా నొక్కండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను -2/3కి (కొన్ని కెమెరాల్లో -0.7) తగ్గించండి. ఆ ఎరుపు ఎంత చిక్కగా ఉంటుందంటే కెమెరా దాన్ని ఒకే ముద్దగా చూపిస్తుంది. తగ్గించి తీస్తేనే మఖ్మల్ లాంటి ఆ నూగు విడివిడిగా కనిపిస్తుంది. పట్టి సీసాలో వేసి ఇంటికి తెచ్చి తీయాలనుకోకండి. వాన కోసం అన్ని నెలలు మట్టిలో ఆగి బయటికి వచ్చిన జీవి అది, దాని పని దాన్ని చేసుకోనివ్వండి.

కంప్యూటర్లో

ఇక్కడ పెద్దగా చేయాల్సింది ఉండదు. కత్తిరించండి, మిగిలిన దుమ్ము చుక్కలు చెరపండి, షార్ప్‌నెస్ కొంచెమే పెంచండి. అంచుల చుట్టూ తెల్ల గీత కనిపించిందంటే ఎక్కువైనట్టు. గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ పనులన్నిటికీ అది సరిపోతుంది. నాణెం, రాయి లాంటి వాటి రంగులు మాత్రం మార్చకండి, చూసేవాళ్లు ఆ రంగును బట్టే అంచనా వేస్తారు. ఫైలు పేరులో వస్తువు, కొలత, దొరికిన ఊరు రాసుకోండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, మీరు కష్టపడి తెచ్చిన సన్నటి వివరాలు అవతలివాళ్లకు చేరవు.